రోగి వెంట ఇల్లంతా

అమెరికాలోని లాటినో కుటుంబాల్లో కేన్సర్ రోగి డాక్టరు దగ్గరకు ఒక్కరే రావడం అరుదు. భర్త, పెద్ద కూతురు, చెల్లెలు, ఇంట్లో చూసేవాళ్లు లేక వెంటబెట్టుకొచ్చిన మనవడు, ఒక్కోసారి పక్కింటావిడ కూడా వస్తారు. గదిలో కుర్చీలు రెండే ఉంటాయి. మిగతావాళ్లు గోడకు ఆనుకుని నిలబడతారు. ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సుకు ఇదంతా గుంపులాగే కనిపిస్తుంది. పదేళ్ల అనుభవం ఉన్న నర్సు మాత్రం ఆ కాసేపట్లోనే చాలా సంగతులు పసిగట్టేస్తుంది. ఇంట్లో మందులు ఎవరు వేస్తారో, కారు ఎవరు నడుపుతారో, ఎవరి మాట చెల్లుతుందో, ఎవరికి అసలు సంగతి ఇంకా తెలియదో ఆమెకు అర్థమైపోతుంది.

2020 జనగణన ప్రకారం అమెరికాలో లాటినోలు 6.2 కోట్ల మంది, అంటే జనాభాలో 18.7 శాతం. మెక్సికో, ప్యూర్టో రికో, క్యూబా, ఎల్ సాల్వడార్, డొమినికన్ రిపబ్లిక్, గ్వాటెమాలా మూలాలున్న వాళ్లందరినీ కలిపి ఇలా పిలుస్తారు. స్త్రీ పురుష భేదం లేకుండా ఉండాలని పరిశోధన పత్రాల్లో 'లాటినెక్స్' అని రాస్తారు గానీ ఇళ్లలో ఆ మాట వినిపించేది తక్కువ. ఇందరు మనుషులది ఒకే సంస్కృతి అనుకోవడం పొరపాటు. మియామీలో స్థిరపడిన క్యూబా వ్యాపారి కుటుంబానికీ, కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో కూలి చేసే మెక్సికో కుటుంబానికీ పోలిక తక్కువే. కుటుంబం విషయంలో మాత్రం ఇద్దరి తీరూ చాలావరకు ఒకటే.

లెక్కల్లో చూస్తే లాటినోలకు కేన్సర్ వచ్చే రేటు అక్కడి శ్వేతజాతీయుల కంటే దాదాపు నాలుగో వంతు తక్కువ, దానితో చనిపోయే రేటు మూడో వంతు తక్కువ. అయితే కాలేయం, జీర్ణాశయం కేన్సర్లు వీళ్లలో ఇంచుమించు రెట్టింపు. గర్భాశయ ముఖద్వార కేన్సరూ ఎక్కువే. ఈ మూడింటి వెనుకా చాలావరకు ఇన్ఫెక్షన్లే ఉంటాయి. టీకాతోనో, వేళకు చేసే పరీక్షతోనో, మందులతోనో వీటిలో చాలావాటిని ఆపవచ్చు. ఆరోగ్య బీమా లేనివాళ్ల శాతం కూడా అమెరికాలోని పెద్ద జనవర్గాల్లో లాటినోలలోనే ఎక్కువ. అందుకే జబ్బు ముదిరాక బయటపడే కేసులు తక్కువేం కాదు. జబ్బు ఆలస్యంగా తెలిసి, బీమా లేక, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చిన రోగికి మొదట ఆసరా అయ్యేది కుటుంబమే. ఆ తర్వాత మరో ఆసరా దొరకని సందర్భాలూ ఉంటాయి.

ఈ కుటుంబబంధాన్ని పరిశోధకులు 'ఫమిలిస్మో' అంటారు. 1987లో ఫాబియో సబొగల్, హెరార్దో మరీన్, వారి సహచరులు దీన్ని కొలిచే ప్రయత్నం చేసి మూడు పాయలుగా విడదీశారు. అయినవాళ్లను ఆదుకోవడం తన బాధ్యత అనుకోవడం ఒకటి. తనకు కష్టం వస్తే ఇంటివాళ్లు నిలబడతారన్న నమ్మకం రెండోది. ఏ నిర్ణయానికైనా ఇంటివాళ్లు ఏమంటారోనని చూడడం మూడోది. అమెరికాలో తరాలు గడిచేకొద్దీ మొదటిదీ మూడోదీ పలచబడ్డాయి గానీ రెండోది దాదాపు చెక్కుచెదరలేదని వారు గమనించారు. అమ్మమ్మ ఊరు చూడని, స్పానిష్ సరిగా రాని మూడో తరం కుర్రాడు కూడా కష్టం వస్తే ఇంటివైపే చూస్తాడు. కేన్సర్ రోగి విషయంలో ఈ నమ్మకానికి చాలా విలువ ఉంది.

కుటుంబం అంటే ఇక్కడ రక్తసంబంధం ఒక్కటే కాదు. బిడ్డకు బాప్టిజం ఇచ్చేటప్పుడు పక్కన నిలబడిన దంపతులు ఆ రోజు నుంచి చుట్టాలైపోతారు. బిడ్డ తల్లికి ఆమె 'కోమాద్రే', తండ్రికి అతను 'కొంపాద్రే'. కీమోథెరపీ రోజున తల్లి ఆస్పత్రిలో ఉంటే పిల్లల్ని బడి నుంచి తెచ్చి అన్నం పెట్టేది చాలాసార్లు ఈ కోమాద్రేనే. డబ్బు విషయంలోనూ ఈ వలయం పనికొస్తుంది. 'తాందా' అని మన చిట్టీలాంటిదే ఒకటి వాళ్లకూ ఉంది. ఇంట్లో కేన్సర్ అని తెలిస్తే ఆ నెల వంతు తమదే అయినా వదులుకుని రోగి ఇంటికి ఇచ్చేసేవాళ్లుంటారు. ఆదివారం చర్చి ఆవరణలో తమాలెలు, కోడికూర పళ్లేలు అమ్మి, రాఫిల్ టికెట్లు చింపి డబ్బు పోగుచేస్తారు. స్కానింగ్ బిల్లుకో, ఇంటద్దెకో ఆ డబ్బు సరిపోతుంది. మొత్తం చికిత్సకు సరిపోదని అందరికీ తెలుసు, అయినా అమ్ముతారు.

అమెరికా చట్టానికి ఈ చుట్టరికాలు తెలియవు. 1993లో వచ్చిన కుటుంబ, వైద్య సెలవు చట్టం ఇంట్లో జబ్బుపడినవాళ్లను చూసుకోవడానికి ఏడాదికి 12 వారాల సెలవు ఇస్తుంది. ఆ సెలవుకు జీతం లేదు. కంపెనీలో కనీసం 50 మంది ఉండాలి, ఉద్యోగి ఏడాదిపాటు 1,250 గంటలు పనిచేసి ఉండాలి. భార్య లేదా భర్త, కన్నవాళ్లు, పిల్లలు మాత్రమే ఈ చట్టం లెక్కలోకి వస్తారు. చెల్లెలు రాదు, అమ్మమ్మ రాదు, అత్తగారు రాదు, కోమాద్రే సంగతి చెప్పనే అక్కర్లేదు. కాలిఫోర్నియా 2004 నుంచి కొంత జీతంతో సెలవిచ్చే పథకం నడుపుతోంది. 2014లో అందులో తోబుట్టువులను, తాతామామ్మలను, మనవలను, అత్తమామలను చేర్చింది. ఇళ్లు ఊడ్చే పని, తోటపని, హోటల్లో గిన్నెలు కడిగే పని చేసేవాళ్లలో చాలామందికి ఈ చట్టాలేవీ అందవు. వాళ్లకు సెలవంటే ఆ రోజు కూలి పోవడం. రెండోసారి అడిగితే ఉద్యోగమే పోవచ్చు.

భాష దగ్గర కుటుంబం చేసే సాయానికి రెండో ముఖం కనిపిస్తుంది. తల్లికి ఇంగ్లిష్ రాదు, డాక్టరుకు స్పానిష్ రాదు. మధ్యలో పన్నెండేళ్ల కూతురు ఉంటుంది. బ్యాంకులో, బడిలో, అద్దె ఇంటి యజమాని దగ్గర తల్లి మాటల్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పడం ఆ పిల్లకు అలవాటే. కానీ ఇక్కడ డాక్టరు చెప్పేది గడ్డ కాలేయానికి పాకిందని. 'పాకింది' అన్న మాటను ఆ పిల్ల మింగేస్తుంది. 'మందులు మారుస్తారట అమ్మా' అని మాత్రం చెబుతుంది. తల్లి తల ఊపుతుంది. తల్లికి అర్థమైందని డాక్టరు అనుకుంటాడు.

2003లో గ్లెన్ ఫ్లోరెస్ బృందం పిల్లల వైద్యంలో ఇలాంటి సంభాషణలను రికార్డు చేసి పరిశీలించింది. ఒక్కో సంభాషణలో సగటున 31 అనువాద దోషాలు దొరికాయి. ఆస్పత్రి దుబాసీలు కాకుండా అక్కడికక్కడ దొరికినవాళ్లు చెప్పినప్పుడు, ఆ దోషాల్లో 77 శాతం వైద్యం మీద ప్రభావం చూపగలిగినవి. ఆస్పత్రి దుబాసీల దోషాల్లో అలాంటివి 53 శాతం. దుబాసీ ఉన్నా తప్పులు దొర్లుతాయన్నమాట. కాకపోతే దుబాసీకి నోరు పెగలకపోవడం ఉండదు. 2010 ఆరోగ్య సంస్కరణ చట్టం కింద 2016లో వచ్చిన నియమాలు, అత్యవసరమైతే తప్ప మైనర్ పిల్లలతో దుబాసీ పని చేయించకూడదని చెప్పాయి. ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో వీడియో తెర మీదో, ఫోన్లోనో దుబాసీ దొరుకుతాడు. అయినా నర్సు ఫోన్ చేసి మందుల వేళలు చెప్పేటప్పుడు, రాత్రి పదకొండుకు జ్వరం వచ్చినప్పుడు, బీమా కంపెనీ ఉత్తరం వచ్చినప్పుడు మళ్లీ ఆ పిల్లే దిక్కు.

చెప్పకుండా దాచడం పిల్లలతో ఆగదు. ముసలి తల్లికి కేన్సర్ అని తెలిస్తే దిగులుతోనే పోతుందని భయపడి, రిపోర్టు ముందు తమకు చూపించమని కొడుకులు డాక్టర్ని పక్కకు పిలిచి అడుగుతారు. తెలుగు ఇళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. 1995లో లెస్లీ బ్లాక్‌హాల్ బృందం లాస్ ఏంజెలెస్‌లోని వృద్ధుల కేంద్రాల్లో 800 మందిని ఇదే అడిగింది. నాలుగు జనవర్గాల నుంచి వర్గానికి 200 మంది, అందరూ 65 ఏళ్లు దాటినవాళ్లే. ఒళ్లంతా పాకిన కేన్సర్ సంగతి రోగికి చెప్పాలన్నవాళ్లు యూరోపియన్ మూలాలున్నవారిలో 87 శాతం, నల్లజాతివారిలో 88 శాతం, మెక్సికన్ మూలాలున్నవారిలో 65 శాతం, కొరియన్ మూలాలున్నవారిలో 47 శాతం. ప్రాణాన్ని యంత్రాలతో నిలపాలా వద్దా అన్న నిర్ణయం రోగిదే అన్నవాళ్లు మెక్సికన్ వర్గంలో 41 శాతమే. మెక్సికన్, కొరియన్ వర్గాల్లో వయసు మళ్లినకొద్దీ, డబ్బూ చదువూ తగ్గినకొద్దీ దాచాలనే మొగ్గు పెరిగింది.

ఈ అంకెలను చూసి లాటినోలు దాచేవాళ్లని తీర్మానించేవారు ఒక సంగతి మరిచిపోతారు. నూటికి 65 మంది చెప్పమనే అన్నారు. ఎదుటి రోగి ఆ 65 మందిలో ఒకరో, మిగతా 35 మందిలో ఒకరో ఇంటిపేరు చూసి చెప్పలేం. అడగాలి. అనుభవమున్న డాక్టర్లు పరీక్ష చేయకముందే రోగిని అడుగుతారు: 'ఫలితం వచ్చాక మీకే చెప్పనా, ఇంట్లో ఎవరికైనా చెప్పనా, అందరినీ కూర్చోబెట్టి చెప్పనా?' రోగి నోటితోనే 'మా పెద్దాడికి చెప్పండి' అంటే అది కూడా రోగి చేసుకున్న నిర్ణయమే. తెలుసుకునే హక్కుతో పాటు, ఆ భారాన్ని మరొకరికి అప్పగించే హక్కు కూడా రోగికి ఉంటుంది.

దాపరికం రోగి వైపు నుంచీ ఉంటుంది. ఇంటిని మోసిన తల్లికి మంచం పట్టడం కంటే చేయించుకోవడమే కష్టం. కీమో నుంచి వచ్చిన సాయంత్రం పొయ్యి దగ్గర నిలబడి తోర్తీయాలు కాల్చే ఆడవాళ్లు చాలామంది. నొప్పి ఎంత అని అడిగితే కూతురి ముఖం చూసి 'కొంచెమే' అంటారు. తండ్రుల పద్ధతి వేరు. వాళ్లు నొప్పి ఊసే ఎత్తరు, డాక్టరు దగ్గరకు రావడమే తలవంపు అనుకుంటారు. కూతురు తల్లికి తెలియకుండా ఏడుస్తుంది, తల్లి కూతురికి తెలియకుండా ఏడుస్తుంది. ఒకరినొకరు కాపాడాలని చూసి ఇద్దరూ ఒంటరివాళ్లవుతారు. కుటుంబం దగ్గరగా ఉంటే చాలు మనసు తేలికపడుతుందని అనుకోవడం సరికాదనడానికి ఇదే కారణం. ఇల్లు నిండా మనుషులుండీ మనసులో మాట చెప్పుకునే మనిషి లేకపోతే ఆ సందడి రోగికి మరో బరువు.

ఈ చాకిరీ కూడా అందరికీ సమానంగా పడదు. ఎక్కువగా పడేది ఆడవాళ్ల మీదే, అందులోనూ పెళ్లికాని కూతురి మీదో, ఊళ్లో ఉన్న కోడలి మీదో. కాలేజీ మానేసిన పిల్లలు, రెండో ఉద్యోగం వదులుకున్న అక్కలు వాళ్లలో ఉంటారు. అలసిపోయావా అని ఎవరైనా అడిగితే నొచ్చుకుంటారు కూడా. అమ్మను చూసుకోవడం అలసటేమిటి? బాధ్యతను అంత సహజంగా మోసేవాళ్లకు సాయం తీసుకోవడం తప్పుచేసినట్టు అనిపిస్తుంది. సంరక్షకుల కోసం ఆస్పత్రులు పెట్టే సమావేశాలకు వీళ్లు అంతగా రాకపోవడానికి సెలవు దొరకకపోవడం ఒక కారణం, ఈ బిడియం ఇంకో కారణం.

కుటుంబం పని వైద్యఫలితంలో ఎంత నేరుగా కనిపిస్తుందో పిల్లల రక్తకేన్సర్‌ను చూస్తే తెలుస్తుంది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అమెరికాలో లాటినో పిల్లలకే ఎక్కువగా వస్తుంది. ఆస్పత్రి చికిత్స ముగిశాక రోజూ మెర్కాప్టోప్యూరిన్ మాత్ర వేయాలి, అదీ రెండేళ్లకు అటూఇటూ. వేసేది ఇంట్లోవాళ్లే. స్మితా భాటియా బృందం మాత్రల సీసాలకు ఎలక్ట్రానిక్ మూతలు బిగించింది. సీసా తెరిచిన ప్రతిసారీ తేదీ, వేళ మూతలో నమోదవుతాయి. 2012లో వచ్చిన ఆ ఫలితాల్లో, వేయాల్సిన మాత్రల్లో 95 శాతం కంటే తక్కువ వేసుకున్న పిల్లలకు జబ్బు తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లని తేలింది. మాత్రలు తప్పిపోవడం లాటినో పిల్లల్లో, పన్నెండేళ్లు దాటినవాళ్లలో, తల్లి ఒక్కతే నెట్టుకొస్తున్న ఇళ్లలో ఎక్కువగా కనిపించింది. రాత్రి షిఫ్టుకు వెళ్లే తల్లికి ప్రేమ తక్కువై మాత్ర తప్పదు, ఇంట్లో రెండో మనిషి లేక తప్పుతుంది. ఫమిలిస్మో గురించి పొంగిపోయి రాసే వ్యాసాల్లో ఇలాంటి ఇళ్లు కనిపించవు.

ఇంకొన్ని ఇళ్లు రెండు దేశాల్లో ఉంటాయి. రోగి చికాగోలో ఉంటే తల్లి మెక్సికోలోని మిచోఆకాన్‌లో ఉంటుంది. కాగితాలు లేని వలసదారుకు ప్రభుత్వ బీమా మార్కెట్లో పాలసీ కొనే వీలు కూడా లేదు. ఏడాదికి మించి అనుమతి లేకుండా ఉండి దేశం దాటితే, 1996 వలస చట్టం ప్రకారం పదేళ్లు తిరిగి రాలేరు. తల్లిని చూడాలంటే చికిత్స వదులుకోవాలి, చికిత్స కావాలంటే తల్లిని వాట్సాప్‌లోనే చూసుకోవాలి. అన్నాళ్లూ నెలనెలా ఊరికి డబ్బు పంపిన మనిషికి ఇప్పుడు ఊరివాళ్లు చందా వేసుకుని పంపే రోజు వస్తుంది. జబ్బు కంటే అదే ఎక్కువ కుంగదీసిందని చెప్పే మగవాళ్లున్నారు.

భక్తి ఈ కుటుంబాల్లో వేరే గదిలో ఉండదు. గ్వాదలూపే మాతకు మొక్కుకుంటారు, తగ్గితే కాలినడకన వస్తామని మాటిస్తారు. కేన్సర్ రోగులకు రక్షకుడని పేరున్న సాన్ పెరెగ్రీనో పటం దిండు కింద పెడతారు. 'దేవుడి చిత్తం' అన్న మాట విని రోగి చేతులెత్తేశాడని డాక్టర్లు తొందరపడుతుంటారు గానీ, ఆ మాట అంటూనే రేడియేషన్‌కు ఒక్క రోజూ మానకుండా వచ్చేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. నాటుమందుల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. లక్ష్మణఫలం ఆకులు మరిగించిన కషాయం లాటిన్ అమెరికా అంతటా కేన్సర్ మందుగా ప్రచారంలో ఉంది, మన సంతల్లో అమ్మినట్టే. మనుషుల్లో అది కేన్సర్ తగ్గిస్తుందనడానికి నమ్మదగిన ఆధారం లేదు. ఇలాంటి కషాయాలు కీమో మందుల పనిని దెబ్బతీయవచ్చు కూడా. కషాయం కాచేది అత్తగారు కాబట్టి రోగి కాదనదు, డాక్టరు కోప్పడతాడేమోనని చెప్పదు. కోప్పడకుండా 'ఇంట్లో ఇంకేం తాగిస్తున్నారు?' అని అత్తగారినే అడిగే డాక్టరుకు నిజం దొరుకుతుంది.

కుటుంబాన్ని రోగితో పాటు చికిత్సలో కలుపుకునే కార్యక్రమాలు మొదలై చాలాకాలం కాలేదు. వాటికంటే ముందే, 1990లో న్యూయార్క్‌లోని హార్లెంలో సర్జన్ హెరాల్డ్ ఫ్రీమన్ పేద నల్లజాతి మహిళల కోసం 'నావిగేటర్ల'ను పెట్టాడు. పరీక్ష నుంచి చికిత్స దాకా చేయిపట్టి నడిపించే మనుషులు వీళ్లు. లాటినో వాడల్లో ఇదే పనిని 'ప్రొమోతోరా'లు చేస్తున్నారు. అదే పేటలో ఉంటూ, అదే భాష మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు వాళ్లు. గుమ్మంలో నిలబడి కరపత్రం ఇచ్చి వెళ్లరు, వంటింట్లో కూర్చుంటారు.

శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అన్నా నాపోలెస్ బృందం నడిపిన 'నువేవో అమానెసెర్' ఇంకో అడుగు ముందుకేసింది. రొమ్ము కేన్సర్ నుంచి బయటపడిన లాటినా మహిళలే శిక్షణ పొంది, కొత్తగా జబ్బు బయటపడినవాళ్ల ఇళ్లకు వారానికోసారి చొప్పున ఎనిమిది వారాలు వెళ్లారు. ఆందోళనను అదుపు చేసుకోవడం, డాక్టర్ని ప్రశ్నలడగడం, ఇంట్లో సాయం అడగడం నేర్పారు. 151 మందితో చేసిన ఈ అధ్యయనం 2015లో వెలువడింది. సందర్శనలు అందుకున్నవారిలో కుంగుబాటు తగ్గింది, జీవన నాణ్యత మెరుగైంది. కుటుంబంలోనివాళ్లు చెప్పలేనిది, బయటి మనిషి కూడా చెప్పలేనిది, ఇదే దారిలో నడిచొచ్చిన ఆడమనిషి చెప్పగలిగింది. ఇంట్లోవాళ్లను భయపెట్టకుండా భయం గురించి మాట్లాడుకునే చోటు రోగికి దొరికింది.

అరిజోనా విశ్వవిద్యాలయంలో టెర్రీ బాడ్జర్ ఇంకో దారి పట్టింది. రోగికీ, రోగి ఎంచుకున్న ఒక ఆత్మీయ వ్యక్తికీ విడివిడిగా ఫోన్ చేసి మాట్లాడే పద్ధతి అది. ఆ ఆత్మీయ వ్యక్తి భర్తే కానక్కర్లేదు, తల్లి కావచ్చు, కూతురు కావచ్చు, స్నేహితురాలూ కావచ్చు. ఊరికి దూరంగా ఉండి రవాణా లేనివాళ్లకు ఫోనే అనువు. పైగా పక్కనెవరూ లేనప్పుడే సంరక్షకురాలు తన అలసట గురించి నోరు విప్పుతుంది.

ప్యూర్టో రికోలోని పోన్సేలో నార్మారీ తోరెస్-బ్లాస్కో బృందం ముదిరిన కేన్సర్ ఉన్నవాళ్ల కోసం 'కాసా' అనే పద్ధతిని రూపొందించింది. దీనికి మూలం న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో విలియం బ్రైట్‌బార్ట్, విక్టర్ ఫ్రాంకల్ ఆలోచనల ఆధారంగా తయారుచేసిన చికిత్స. మరణం దగ్గరపడుతున్నా జీవితంలో అర్థం వెతుక్కోవడం దాని సారం. మొదట అది రోగి ఒక్కరి కోసం పుట్టింది. లాటినో రోగులు తమ జీవితానికి అర్థం ఏమిటని అడిగితే పిల్లల గురించి, తల్లి గురించి మాట్లాడతారు. అందుకే 'కాసా'లో రోగినీ సంరక్షకురాలినీ కలిపి కూర్చోబెడతారు. ఇంటివాళ్లు మాట్లాడుకునే తీరు మీదా పనిచేస్తారు. దాచుకున్న మాటలు అక్కడ బయటికొస్తాయి: చీటీ డబ్బు ఎక్కడుంది, పిల్లల్ని ఎవరు పెంచాలి, ఏ ఊళ్లో పూడ్చాలి.

ప్రభుత్వ బీమా కూడా ఆలస్యంగానైనా ఇటు కదిలింది. 2024 జనవరి నుంచి మెడికేర్ నావిగేటర్ల సేవకూ, రోగిని చూసుకునే ఇంటివాళ్లకు ఇచ్చే శిక్షణకూ డబ్బు చెల్లిస్తోంది. గాయానికి కట్టు మార్చడం, మందుల వేళలు పాటించడం, మంచం మీద రోగిని తిప్పడం లాంటివి నేర్పితే ఆ సమయానికి నేర్పినవాళ్లకు రుసుం వస్తుంది. ఇక్కడ సంరక్షకురాలు చట్టబద్ధమైన బంధువే అయి ఉండాలన్న పట్టింపు లేదు, స్నేహితురాలైనా చాలు. కాబట్టి కోమాద్రేకు కూడా కుర్చీ వేసి నేర్పవచ్చు. అయితే మెడికేర్ ప్రధానంగా 65 ఏళ్లు దాటినవాళ్లకు. ద్రాక్షతోటలో పనిచేస్తూ నలభై అయిదేళ్లకే జబ్బుపడిన మనిషి ఇంటికి ఆ శిక్షణ ఇంకా చర్చి ఆవరణలో, ప్రొమోతోరా చేతుల మీదుగానే అందుతోంది.